తిరుపాలు వేసిన వెండిరంగు

మాలకొండయ్య బండి మూడోసారి వెనక్కి వచ్చింది. ఎడమ పక్క వెనక చక్రంలో నుంచి గేరాయిలు కారి టైరు మీద నల్లటి చార కట్టింది.

తిరుపాలు వంగి ఆ చారను వేలితో తుడిచి చూశాడు. నెల తిరక్కుండా ఆ చక్రాన్ని రెండుసార్లు ఊడదీశాడు. రెండుసార్లూ ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు మార్చాడు. రెండోసారి బేరింగు కూడా కొత్తది వేశాడు. ఎక్కడా తప్పు చేసినట్టు అతనికి తోచలేదు. అయినా కారుతోంది.

మాలకొండయ్య దిగుతూనే, ఈయన వేసే సీలు కంటే తన భార్య పాత గోతాంకి వేసే మాసిక గట్టిగా ఉంటుందన్నాడు. షెడ్డులో వాళ్లంతా నవ్వారు. తిరుపాలు నవ్వలేదు.

ఆ షెడ్డు చీమకుర్తి దగ్గర రాతి క్వారీలకు పోయే దారిలో ఉంది. పేరుకు కాలేషా మేస్త్రి షెడ్డు. మేస్త్రికి మోకాళ్లు అరిగిపోయాక పనంతా తిరుపాలే చూస్తున్నాడు. మేస్త్రి గుమ్మం పక్క నులక మంచం మీద కూర్చుని ఉంటాడు. నమాజుకి తప్ప లేవడు.

అక్కడికి వచ్చేవన్నీ రాతి దిమ్మలు మోసే బండ్లు. వాటి పని ఎక్కువగా వెనక ఇరుసుతోనే. బండి వెనక చక్రాల మధ్య గుమ్మడికాయలాగా ఉబ్బెత్తుగా ఇనప గుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని హౌసింగ్ అంటారు. ఇంజను తిప్పే తిప్పుడు అందులోని పళ్లచక్రాలకు వచ్చి, వాటి నుంచి అటూ ఇటూ చక్రాలకు పోతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ సర్దుబాటు కూడా ఆ గుల్లలోనే జరుగుతుంది. అది ఎట్టా అని ఎవరన్నా అడిగితే మేస్త్రి ఒకటే చెప్పేవాడు.

"పల్లకీ మోసేవాళ్లు సందు మలుపు తిరగటం చూశావా? బయటోడు నాలుగడుగులు ఎక్కువేస్తాడు. లోపలోడు ఆగుతాడు. ఇద్దరం సమానంగానే నడుస్తామంటే దేవుడు కింద పడతాడు."

పదహారేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు తిరుపాలు. చెయ్యి మంచిది. పళ్లచక్రాలకు సింధూరం పూసి, చేత్తో తిప్పి, పన్ను మీద పన్ను ఎక్కడ ఆనుతోందో ఆ మచ్చను బట్టి చెప్పేవాడు. మచ్చ పన్ను నడుమ పడిందాకా వదిలేవాడు కాదు. అడుగున ఆయిలు వదిలే బోల్టుకి అయస్కాంతం ఉంటుంది. దానికి అంటిన ఇనప పొడిని వేళ్ల మధ్య నలిపి, లోపల ఏది అరుగుతోందో చెప్పేవాడు.

అతనికి ఇంకో అలవాటు ఉంది. అది మేస్త్రి దగ్గర నేర్చుకున్నది కాదు. పని అయిపోయాక హౌసింగ్ మట్టి కడిగి, ఆరబెట్టి, దానికి వెండిరంగు వేసేవాడు. ఒక పూత కాదు, రెండు మూడు పూతలు. బండి రోడ్డు మీద పోతుంటే వెనక నుంచి కొత్త బిందెలాగా మెరిసేది. తిరుపాలు చెయ్యి పడిన బండి అని ఫర్లాంగు దూరం నుంచి చెప్పేవాళ్లు. వెండిచేతి తిరుపాలు అనే పేరు కూడా వచ్చింది. ఆ పేరు విన్నప్పుడు పైకి సిగ్గుపడేవాడు గానీ లోపల బాగానే ఉండేది.

అలాంటివాడు మూడోసారి అదే చక్రం ముందు నిలబడాల్సి వచ్చింది.

మేస్త్రిని అడగటం అతనికి నామోషీ. రెండుసార్లు అడక్కుండానే నెట్టుకొచ్చాడు. ఈసారి తప్పలేదు. మంచం దగ్గరికి వెళ్లి, చేసిందంతా వరసగా చెప్పాడు. సీలు, బేరింగు, బిగింపు. ఆయిలు కూడా ఎక్కువ పొయ్యలేదనీ, పోసే రంధ్రం అంచుదాకా వచ్చి ఆగేట్టు సరిగ్గా పోశాననీ చెప్పాడు. ఇంక సీళ్లు చేసే కంపెనీదే తప్పనీ చెప్పాడు.

మేస్త్రి అంతా విన్నాడు. విని, నువ్వు చక్రం ఎప్పుడు విప్పుతావని అడిగాడు.

రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే విప్పుతానన్నాడు తిరుపాలు. వేడి మీద చెయ్యి పెట్టలేం గదా అన్నాడు.

ఇవాళ చల్లారనివ్వొద్దన్నాడు మేస్త్రి. మాలకొండయ్యను పిలిచి, బరువు మీదే బండిని క్వారీ గేటు దాకా నడిపి వెనక్కి తీసుకురమ్మన్నాడు. ఈ షెడ్డులో తిరగటానికే తన జీవితం సరిపోతోందని గొణుక్కుంటూ మాలకొండయ్య బండెక్కాడు.

అరగంటకి వచ్చాడు. మేస్త్రి మంచం మీద నుంచి లేచాడు. గోడ పట్టుకుని, తర్వాత తిరుపాలు భుజం పట్టుకుని బండి దాకా నడిచాడు. హౌసింగ్ దగ్గరగా అరచెయ్యి పెట్టి చూసి తీసేశాడు.

"పైన బ్రీదరు విప్పు," అన్నాడు.

హౌసింగ్ నెత్తిన బొటనవేలి అంత గొట్టం ఉంటుంది. దానికి చిన్న టోపీ ఉంటుంది. దాన్నే బ్రీదరు అంటారు. ఎవరూ దాని జోలికి పోరు. తిరుపాలు గుడ్డ చుట్టుకుని, కింద దూరి, పానా పెట్టి తిప్పాడు. రెండు చుట్లు తిరిగిందో లేదో ఉస్సుమని గాలి కొట్టింది. వేడిగా, గేరాయిలు వాసనతో ముఖాన కొట్టింది. ప్రెషర్ కుక్కరు మీద గుండు ఎత్తినట్టు చాలాసేపు వచ్చింది.

తిరుపాలు బయటికి వచ్చాడు. చేతిలో బ్రీదరు ఉంది. అది కూడా వెండిలాగా మెరుస్తోంది.

"ఊదు," అన్నాడు మేస్త్రి.

తిరుపాలు గుడ్డతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. గాలి పోలేదు.

"ఊదు."

మళ్లీ ఊదాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి పోలేదు. మాలకొండయ్య నవ్వబోయి, మేస్త్రి ముఖం చూసి ఆగిపోయాడు.

మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నేల మీద మేకు ఒకటి వెతికించి తెప్పించుకుని, టోపీ అంచు చుట్టూ గీకాడు. వెండిరంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఆయన లుంగీ మీద పడింది. మూడు పూతలది. లోపలి నుంచి తీగ పోనిచ్చి తీసి మళ్లీ అందించాడు.

"ఊదు."

గాలి పోయింది.

ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. నడిచే బండికి హౌసింగ్ కాగుతుంది. లోపలి గాలి ఉబ్బుతుంది. పైన దారి ఉంటే పోతుంది. దారి మూసేస్తే ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తోసుకుంటుంది. సీలు అంచు మెత్తనిది. దాన్ని తోసుకుని ఆయిలు చక్రంలోకి పోతుంది. చక్రంలోనే బ్రేకు ఉంటుంది. ఆయిలు పడిన బ్రేకు జారుతుంది, చక్రాన్ని పట్టదు.

తిరుపాలుకి ముందు ప్రాణం తేలికపడింది. సీళ్ల తప్పు కాదు, తన బిగింపు తప్పు కాదు, ఇంత చిన్నదా అనుకున్నాడు. మాలకొండయ్యతో, నీ బండికి జలుబు చేసిందయ్యా, ముక్కు మూసుకుపోయింది అని కూడా అన్నాడు.

ఆ తర్వాత, ఎన్ని బండ్లకి తను రంగు వేశాడో మనసులో లెక్కపెట్టుకోవటం మొదలుపెట్టాడు. వాటన్నిటికీ ఈపూటే ఫోన్లు చెయ్యాలి, మేకుతో గీకించాలి అనుకుంటూ ఒక్కొక్క బండినీ గుర్తు చేసుకున్నాడు. పద్నాలుగు దాకా వచ్చాడు. ఆఖరున మిగిలిన పదిహేనో బండి దగ్గర ఆగిపోయాడు.

ఆ బండి ఇప్పుడు లేదు. రెండేళ్ల కిందట బోల్తా పడితే ఇనప సామానుకి ముక్కలు చేసేశారు. దాన్ని నడిపింది సింగయ్య.

సింగయ్య రాతి దిమ్మ వేసుకుని కొండ దిగుతున్నాడు. పక్క సీట్లో అతని బావమరిది కోటయ్య ఉన్నాడు. రెండో మలుపులో బండి కుడికి లాగి తిరగబడింది. సింగయ్యకి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కోటయ్య అక్కడే పోయాడు. బ్రేకు తొక్కాననీ, ఎడమ చక్రం పట్టలేదనీ సింగయ్య ఆసుపత్రి మంచం మీద నుంచి చెబుతూనే ఉన్నాడు.

బండి ఓనరు సాంబిరెడ్డి తిరుపాలునే పంపించాడు, పోయి చూసి రమ్మని. ఎనిమిది రోజుల ముందే ఆ చక్రాల పని చేసింది తిరుపాలు. అతను వెళ్లి డ్రమ్ము విప్పించి చూశాడు. ఎడమ చక్రంలో బ్రేకు లైనర్ల మీద ఆయిలు ఉంది. బోల్తా పడ్డప్పుడు కారి ఉంటుందని వచ్చి చెప్పాడు. బ్రేకులు తనే కట్టాననీ, వాటిలో తేడా ఉండదనీ చెప్పాడు. తిరుపాలు మాట అంటే మాటే. దాంతో సింగయ్య బండి నడుపుతూ నిద్రపోయాడని తేలిపోయింది.

ఆ తర్వాత సింగయ్యకి స్టీరింగు ఇచ్చినవాడు లేడు. పాలిషింగు ఫ్యాక్టరీలో రాళ్లు కడిగే పనికి పోతున్నాడు. అతని భార్య అంకమ్మ, తన తమ్ముణ్ని చంపుకున్న మనిషి అని, ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్కకి పోతుంది. ఏదన్నా చెప్పాల్సి వస్తే గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది.

తిరుపాలు మంచం దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు. మేస్త్రి లుంగీ మీద రంగు పెచ్చులు ఇంకా అట్టాగే ఉన్నాయి.

"మేస్త్రీ, సింగయ్య బండికీ..." అని ఆగాడు.

మేస్త్రి తల ఊపాడు. ఆయన ఆలోచన అప్పటికే అక్కడికి వచ్చి ఉంది.

తిరుపాలు చాలా మాట్లాడాడు. ఆ బండి ముక్కలైపోయిందనీ, బ్రీదరు మూసుకుందని ఇప్పుడు ఎవరూ రుజువు చెయ్యలేరనీ అన్నాడు. ఒకవేళ సీలే చెడిపోయి ఉండొచ్చు, ఎవరు చూశారు అన్నాడు. చెప్పినంత మాత్రాన కోటయ్య లేచి వస్తాడా అన్నాడు. తనకి ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారనీ, ఈ సంగతి బయటపడితే ఈ దారిన ఒక్క బండి కూడా తన ముందు ఆగదనీ అన్నాడు. అంటూ అంటూ గొంతు తగ్గిపోయింది.

మేస్త్రి అడ్డు చెప్పలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"లైనర్ల మీద ఆయిలు తడిగా ఉందా, మాడి ఉందా?"

తిరుపాలు తల వంచుకున్నాడు. అప్పుడే కారిన ఆయిలు తడిగా ఉంటుంది. రోజుల తరబడి బ్రేకు వేడికి కాగినదైతే నల్లగా మాడి, నున్నగా పొరకడుతుంది. పని తెలిసినవాడికి చూడగానే తెలుస్తుంది.

"మాడి ఉంది," అన్నాడు చివరికి. "చూశాను మేస్త్రీ. చూసి, చూడలేదనుకున్నాను."

మేస్త్రి కోప్పడతాడనుకున్నాడు. ఆయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు రంగు వేసేటప్పుడు నేను ఈ మంచం మీదే ఉన్నాను," అన్నాడు. "మెరుస్తుంటే, బాగుందనుకున్నాను. బండి పడ్డప్పుడు నేను పోయి చూడాల్సింది. మోకాళ్ల నొప్పని నీ మాట నమ్మి కూర్చున్నాను."

ఆ సాయంత్రం దాకా తిరుపాలు పద్నాలుగు బండ్లకీ ఫోన్లు చేశాడు. దగ్గర్లో ఉన్నవాటికి తనే పోయి గీకాడు. దూరం పోయినవాళ్లకి ఏ మేకుతో ఎట్టా గీకాలో చెప్పాడు. ఎందుకని అడిగినవాళ్లకి, రంగు వేసి నేనే మూశాను అని చెప్పాడు. మొదటివాడికి చెప్పటం కష్టమైంది. పద్నాలుగోవాడికి చెప్పటమూ కష్టంగానే ఉంది.

తెల్లారి షెడ్డుకి వచ్చేసరికి మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన అక్కడి దాకా వచ్చి ఏడాది దాటింది. ఎక్కడికని తిరుపాలు అడగలేదు. ఆటో పిలిచాడు.

సింగయ్య ఇల్లు కాలనీ చివర. అంకమ్మ వసారాలో కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తీస్తోంది. బస్తా లెక్కన తెచ్చుకున్న పని. సింగయ్య ఆమెకి ఎదురుగా కాకుండా, దూరంగా, వాకిట్లో వేప మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. ఎండ అతని మీదే పడుతోంది.

కాలేషా మేస్త్రి వచ్చాడని ఇద్దరూ లేచారు. అంకమ్మ పీట వేసింది. ఆయన కూర్చోలేదు. చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

తిరుపాలు చెప్పాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలేవీ నోటికి రాలేదు. రంగు సంగతి చెప్పాడు. గాలి సంగతి చెప్పాడు. అంకమ్మకి అది అర్థం కాలేదని గమనించి, పొయ్యి మీద మూత బిగించిన గిన్నెలాంటిదని చెప్పాడు. అది పొంగి బ్రేకు మీద పడిందని చెప్పాడు. ఆమె మిరపకాయలు పక్కన పెట్టేసింది.

"అయితే ఆ రోజు ఈయన నిద్రపోలేదా?"

"లేదమ్మా."

"నీకెట్టా తెలుసు?"

"బ్రేకు మీద ఆయిలు మాడి ఉంది. అప్పటికప్పుడు కారిందైతే మాడదు. అది నేను ఆ రోజే చూశాను."

"ఆ రోజే చూశావా," అంది ఆమె.

తిరుపాలు తల ఊపాడు.  ఆమె మిరప ఘాటు అంటిన చెయ్యి కంటికి తగలకుండా మోచేత్తో ముఖం తుడుచుకుంది.

సింగయ్య వాకిట్లో అట్టాగే నిలబడి ఉన్నాడు. కొడతాడేమో అనుకున్నాడు తిరుపాలు. కొడితే బాగుండును అని కూడా అనుకున్నాడు. సింగయ్య రెండు వేళ్ల చేతిని రెండో చేత్తో పట్టుకుని, దాన్నే చూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"నేను నిద్రపోయానేమో అనే అనుకుంటున్నా తిరుపాలూ. మొదట్లో కాదనేవాణ్ని. అందరూ అంటుంటే, నిజమేనేమో, నాకే గుర్తులేదేమో అనుకున్నా. రోజూ పడుకునేటప్పుడు ఆ మలుపు గుర్తు చేసుకుంటా. కళ్లు తెరిచి ఉన్నాయా, మూసుకున్నాయా అని."

తిరుపాలు కాళ్ల మీద పడబోయాడు. మేస్త్రి అతని చొక్కా వెనక పట్టుకుని ఆపాడు. 

"ఇంక మీరు పొండి," అంది అంకమ్మ. గట్టిగా అనలేదు, మెత్తగానూ అనలేదు.

వాళ్లు తిరిగారు. వాకిలి దాటుతుండగా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఆ ఎండలో ఏం నిలబడతావు. లోపలికి రా."

ఆ మాట ఎవరితో అన్నదో సింగయ్యకి ముందు తెలియలేదు. పక్కకి చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు గానీ అడుగు పడలేదు.

కాలేషా మేస్త్రి వెనక్కి చూడలేదు. తిరుపాలునీ చూడనివ్వలేదు.

ఆటో కాలనీ మొదట్లో ఆపి ఉంది. అక్కడి దాకా మేస్త్రి మోకాళ్లతో నడవటానికి చాలాసేపు పట్టింది. సగం దారిలో తిరుపాలు ఆగిపోయాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మేస్త్రీ, ఇంక నేను పానా పట్టుకోకూడదు. మానేస్తాను. వాళ్లు నన్ను ఎప్పటికన్నా క్షమిస్తారంటారా?"

మేస్త్రి కూడా ఆగాడు. ఆయాసం తీరిందాకా కర్ర మీద ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"సాంబిరెడ్డి పది దాకా ఇంట్లోనే ఉంటాడు," అన్నాడు. "పద. డ్రైవరు నిద్రపోలేదని ఆయనకీ చెప్పాలి."